సోమవారానికల్లా ఎత్తేసే సినిమాలు



ఇవాళ సినిమాల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. సినిమాలంటే పెద్ద సినిమాలు కావు సుమండీ. వాటి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. విడుదలకి నెల ముందునుంచీ గోడలమీదా, బస్సులమీదా, చేతిలో ఫోనులోనూ అవే కనబడతాయి. మీరు వద్దన్నా మీ పిల్లలు చెబుతారు. నేను చెప్పబోయేవి శుక్రవారంనాడు చడీచప్పుడూ లేకుండా వచ్చి, మనకి కాస్త తీరుబడి చిక్కి వెళదామనుకునేసరికి, అంటే సోమవారానికల్లా, హాల్లోంచి వెళ్ళిపోయే సినిమాల సంగతి.

2019 జూన్‌లో "మల్లేశం" అని ఒక సినిమా వచ్చింది. పోచంపల్లి చీరల నేతకి సంబంధించిన కథ అని ఎవరో అంటే, చీరలమీద మోజున్న దాన్ని కనక వెళ్ళాలనుకున్నాను. శుక్రవారం ఇంటికి చుట్టాలు వచ్చారు. శనివారం వాళ్ళతోనే సరిపోయింది. ఆదివారం సంగతి మీకు తెలుసు, లోకానికంతా సెలవు, మనకి రెండింతల పని. సోమవారం పిల్లల్ని బడికి పంపి, వంట ముగించి, మ్యాట్నీకని ఆటో ఎక్కి వెళితే హాలు గోడమీద ఇంకో బొమ్మ ఉంది. టిక్కెట్లిచ్చే అబ్బాయి "నిన్నటితో తీసేశామమ్మా, జనం లేరు" అన్నాడు.

తిరిగొస్తూ ఆలోచించాను. నాలాంటివాళ్ళు రాలేదు కనక జనం లేరు. జనం లేరు కనక తీసేశారు. తీసేశారు కనక నేను చూడలేకపోయాను. మరి ఇందులో ఎవరిని అనాలి?

హాలు నడిపేవాళ్ళని ఊరికే ఆడిపోసుకోవడానికి లేదు. రోజుకి నాలుగైదు ఆటలు. హాల్లో ఇరవైమంది ఉన్నా నాలుగువందలమంది ఉన్నా కరెంటు బిల్లు అదే, ఊడ్చేవాళ్ళకీ టిక్కెట్లు చింపేవాళ్ళకీ జీతం అదే. ఇక పెద్ద సినిమాని నైజాం, సీడెడ్, ఆంధ్ర అని ప్రాంతాలవారీగా కోట్లుపోసి కొంటారు. ఆ డబ్బు మొదటి నాలుగు రోజుల్లోనే రాబట్టుకోవాలి. అంచేత ఊళ్ళో ఉన్న హాళ్ళన్నీ, ఆటలన్నీ దానికే. మొదటి రోజుల్లో టిక్కెట్టు ధర పెంచుకోవడానికి ప్రభుత్వాలు ఉత్తర్వులు కూడా ఇస్తూ వచ్చాయి. నలుగురున్న కుటుంబం వెళ్ళి, ఇంటర్వెల్‌లో పిల్లలు పాప్‌కార్న్ అన్నారంటే, ఆ నెల పాలబిల్లు అక్కడే అయిపోతుంది.

మిగిలిన హాలూ, మిగిలిన ఆటా చిన్న సినిమాకి. ఆ మిగిలిన ఆట తరచుగా ఉదయం పదకొండింటి ఆట. పదకొండింటికి మనం ఎక్కడ ఉంటామో హాలువాళ్ళకి ఎవరు చెబుతారు? పోపు దగ్గర ఉంటాం. చిన్న నిర్మాతకి గోడలనిండా బొమ్మలు అంటించే స్తోమతు ఉండదు. చూసినవాళ్ళు చూడనివాళ్ళకి చెప్పుకోవాలి. నోటిమాట ఒక వీధినుంచి ఇంకో వీధికి పాకడానికి వారం పడుతుంది. హాలు ఇచ్చేది మూడురోజులు. చిక్కంతా ఈ లెక్కలోనే ఉంది.

ఇది ఇవాళ పుట్టిన చిక్కు కాదు. 1960లో "చివరకు మిగిలేది" అని గుత్తా రామినీడుగారు తీశారు. సావిత్రి అందులో నర్సు. మతి చెడిన రోగికి మందుతోపాటు ప్రేమ కూడా కావాలని ఒక డాక్టరు అనుకుంటాడు. ఆ ప్రేమ నటించే పని ఈ నర్సుకి అప్పగిస్తాడు. రోగికి నయమై వెళ్ళిపోతాడు. నటన అనుకున్నది ఈవిడకి నటన కాకుండా పోతుంది. రెండో రోగి దగ్గరా అదే పని చెయ్యమంటారు. చివరికి మతి ఎవరికి చెడుతుందో మీరే ఊహించుకోండి. బెంగాలీలో అంతకు ముందు ఏడాదే సుచిత్రా సేన్ చేసిన కథ ఇది. తరవాత 1969లో హిందీలో "ఖామోషీ" పేరుతో వహీదా రెహమాన్ చేసింది. హిందీ సినిమాని మనవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. మన సావిత్రి చేసింది మాత్రం అప్పట్లో ఆడలేదు, ఇప్పుడు పేరు చెబితే బుచ్చిబాబుగారి నవల అనుకుంటారు. ఆ నవలకీ దీనికీ సంబంధం లేదు. "మాయాబజార్", "మిస్సమ్మ" చూసి సావిత్రిని ఇష్టపడ్డవాళ్ళు ఇది చూడకపోతే ఆవిణ్ణి సగమే చూసినట్టు. రోజంతా ఇంట్లో అందరికీ ఓర్పుగా సేవచేసి, నీ మనసెలా ఉందని ఎవరూ అడగని ఆడమనిషి ఎవరైనా సరే, ఆ ముఖంలో తనని తాను చూసుకుంటుంది.

పెద్ద నటుడు ఉంటే చిన్న సినిమా గట్టెక్కుతుందనుకుంటే అదీ లేదు. అక్కినేని నాగేశ్వరరావుగారు ఆదుర్తి సుబ్బారావుగారితో కలిసి 1968లో "సుడిగుండాలు" తీశారు. తప్పుదారి పట్టిన పిల్లల కథ. ప్రభుత్వం బహుమతి ఇచ్చింది, డబ్బు మాత్రం రాలేదు. దసరాబుల్లోడిగా గంతులేస్తే చూశాం, కష్టపడి ఒక మంచిమాట చెబితే చూడలేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. అవార్డు సినిమా అనగానే మనకి ఒక భయం ఉంది. నెమ్మదిగా నడుస్తుందనీ, చీకటిగా ఉంటుందనీ, చివర ఏడిపిస్తుందనీ. ఆ భయం పూర్తిగా అబద్ధం కాదు. "దాసి" సంగతే తీసుకోండి. బి. నర్సింగరావుగారు 1988లో తీశారు. అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. 1920ల నాటి తెలంగాణా దొరగారి గడీలో కథ. దొరసాని కాపరానికి వచ్చేటప్పుడు సారెతోపాటు, వెండిబిందెలతోపాటు ఒక ఆడపిల్లని కూడా పంపేవారు. ఆ పిల్లే దాసి. ఊడ్వాలి, తోమాలి, నీళ్ళు తోడాలి, కాళ్ళు పట్టాలి, రాత్రి దొరకి ఇష్టమైతే అక్కడికీ వెళ్ళాలి. "నిరీక్షణ"లో మీరు చూసిన అర్చన అందులో కమలాక్షి. అంతకు ముందు ఏడాది "వీడు" అనే తమిళ చిత్రానికి ఉత్తమనటి అయ్యింది, దీంతో వరుసగా రెండోసారి అయ్యింది.

సినిమాలో మాటలు చాలా తక్కువ. పాటల ఊసే లేదు. నేను మొదటిసారి టీవీలో చూస్తూ మధ్యలో లేచి కూరగాయలు తరుక్కొచ్చాను. మావాడు "అమ్మా, ఒక్క ఫైటూ లేదేమిటే" అన్నాడు. రెండోసారి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, తలుపేసుకుని కూర్చుని చూశాను. అప్పుడు తెలిసింది, అందులో కథంతా పనిలోనే ఉందని. పొద్దున్న లేచింది మొదలు ఆ అమ్మాయి చేసే ఒక్కొక్క పనినీ చివరిదాకా చూపిస్తారు. మన సినిమాల్లో అమ్మ పాత్ర వంటింట్లోంచి వస్తుంది, చెయ్యి కొంగుకి తుడుచుకుంటుంది, అంతే. వంటిల్లు కనబడదు. ఇక్కడ పని కనబడుతుంది, దాని బరువు తెలుస్తుంది. కడుపు పండితే అది ఉంచుకోవడం కూడా ఆవిడ చేతిలో లేదు. చిత్రకారుడు వైకుంఠంగారు ఆ గడీని తీర్చిన తీరుకి జాతీయ బహుమతి ఇచ్చారు. కుక్కరు కూతల మధ్య మాత్రం "దాసి" చూడకండి. పిల్లలతో కలిసి కూడా వద్దు. మీ పనిమనిషి కూర్చుంటానంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. నేను చూశాను. ఆవిడ అన్న మాటలు ఇక్కడ చెప్పను.

భయపడకండి, అన్నీ ఇంత బరువైనవి కావు. శేఖర్ కమ్ముల "ఆనంద్" 2004 అక్టోబరు 15న, చిరంజీవి "శంకర్‌దాదా ఎం.బి.బి.ఎస్."తోపాటు అదేరోజు విడుదలైంది. ఏనుగు పక్కన కుందేలు. అయినా నిలబడింది. ఎందుకంటే చూసిన ఆడపిల్లలు హాస్టళ్ళలో, కాలేజీల్లో చెప్పుకున్నారు, ఆ పిల్లలు ఇంటికొచ్చి తల్లులకి చెప్పారు. అందులో తల్లీతండ్రీ లేని రూప, పెళ్ళిపీటలమీద తన తల్లి చీర కట్టుకుంటానంటుంది. అత్తగారు కాదంటుంది. పెళ్ళికొడుకు నోరు విప్పడు. రూప ఆ పెళ్ళి వద్దనేస్తుంది. ఒక్క చీరకోసం పెళ్ళి మానుకుంటారా అని మా వీధిలో పెద్ద వాదనే జరిగింది. చీరకోసం కాదనీ, నోరు విప్పనివాడికోసమనీ నేను అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

చలంగారి "దోషగుణం" కథని ఇంద్రగంటి మోహనకృష్ణ "గ్రహణం" అని తీశారు. తొలి చిత్ర దర్శకుడికిచ్చే జాతీయ బహుమతి వచ్చింది. తనికెళ్ళ భరణి, జయలలిత నటించారు. ఏళ్ళతరబడి కాపరం చేసిన భార్య మాటకంటే మంత్రగాడి మాటకి విలువెక్కువైతే ఏమవుతుందన్నదే కథ. అదీ చూడదగిందే.

ఇప్పుడు నేను ఆగి చెప్పవలసింది "మిథునం" సంగతి. శ్రీరమణగారి కథ. బాపుగారికి అది ఎంత నచ్చిందంటే, కథ మొత్తం తన దస్తూరీతో రాసుకున్నారు. మలయాళంలో ఎమ్.టి. వాసుదేవన్ నాయర్ 2000లోనే దాన్ని సినిమాగా తీసుకుపోయారు. మన కథ మన తెరమీదికి రావడానికి మాత్రం 2012దాకా ఆగవలసివచ్చింది. తనికెళ్ళ భరణి దర్శకత్వం. తెరమీద ఇద్దరే మనుషులు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారూ, లక్ష్మిగారూ. అప్పదాసు, బుచ్చిలక్ష్మి. పిల్లలు దేశంకాని దేశంలో. ఊళ్ళో పెద్ద పెరడు, ఒక ఆవు, చెట్లూ పాదులూ. ఆయనకి తిండియావ. ఆవకాయమీద పాట ఉంది, కాఫీమీద దండకం ఉంది. ఇద్దరూ పొద్దస్తమానం పోట్లాడుకుంటారు. చూస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉంటాం. వంకాయ ఎలా కొయ్యాలన్నదానిమీద మా ఇంట్లోనూ మొగుడూ పెళ్ళాల యుద్ధాలు జరిగాయి కనక నాకు మరీ దగ్గరగా తోచింది.

అయితే ఆ నవ్వులకింద ఒకటి ఉంది. మనమంతా ఏం కోరుకుంటాం? పసుపుకుంకుమలతో పోవాలని. నోములు నోచినా, పెద్దలకి దణ్ణం పెట్టినా దొరికే దీవెన అదే. బుచ్చిలక్ష్మి ఆ కోరిక కోరదు. ముందు ఆయనే పోవాలనుకుంటుంది. నేను ముందు పోతే ఈ మనిషి యావలు ఎవరు భరిస్తారు, ఎవరు వేళకి వండిపెడతారు, కోడళ్ళ చేతికింద ఈయన్ని వదిలి నేనెలా పోను అని. ఆ దిగులుకి నాకు తెలిసి మన సినిమాల్లో ఇంకెక్కడా చోటు దొరకలేదు.

మా అత్తగారితో కలిసి చూశాను. హాల్లో ఆవిడ బాగా నవ్వారు. ఇంటికొచ్చేదారిలో మాట్లాడలేదు. రాత్రి మందులు ఇవ్వడానికి వెళితే, "అమ్మాయ్, నేనూ అలాగే దణ్ణం పెట్టుకునేదాన్ని. దేవుడు విన్నాడు. ఎవరితోనూ అనలేదు" అన్నారు. మా మామగారు పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆవిడ అనుమతి తీసుకునే ఈ మాట చెబుతున్నాను.

ఇక నేను పోగొట్టుకున్న "మల్లేశం" సంగతి. తరవాత ఇంట్లోనే చూశాను. చింతకింది మల్లేశంగారు ఆలేరు దగ్గర శారాజిపేటవారు. ఆరో తరగతితో చదువు ఆగిపోయింది. ఇంట్లో నేత. పోచంపల్లి చీరకి రంగులు నేశాక అద్దరు, నెయ్యకముందే నూలుకి అద్దుతారు. ఆ అద్దకానికి ముందు దారాన్ని అర్ధచంద్రాకారంగా బిగించిన కొయ్యమేకుల చుట్టూ ఒక్కొక్క వరసగా తిప్పాలి. దీన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకి చెయ్యి ఇంచుమించు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. రోజుకి రెండు చీరలైతే 18,000 సార్లు. ఇది ఇంటి ఆడవాళ్ళ పని. వాళ్ళ అమ్మ లక్ష్మమ్మ భుజం పడిపోయింది. నావల్ల కాదురా అంది.

అమ్మ చెయ్యి నొప్పి అంటే మన ఇళ్ళలో ఏం చేస్తారు? అమృతాంజనం సీసా ఇస్తారు. ఈ అబ్బాయి ఆ పని చేసిపెట్టే యంత్రం కట్టాలనుకున్నాడు. అప్పులు చేశాడు, జనం నవ్వారు. ఆరేడేళ్ళు తంటాలుపడి 1999కి పూర్తి చేశాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకి వచ్చింది. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసుయంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. సినిమాలో ప్రియదర్శి మల్లేశం, ఝాన్సీ తల్లి. ఝాన్సీని టీవీలో నవ్వించే మనిషిగానే ఎరుగుదును. ఆ భుజం పట్టుకుని కూర్చున్న తీరు చూస్తే గుండె పట్టేసింది. నా బీరువాలో రెండు పోచంపల్లి చీరలున్నాయి. వాటిని కొనేటప్పుడు రంగు పోతుందా అని అడిగాను గానీ ఎవరి చెయ్యి పోయిందో అడగలేదు.

ఇంకో రెండు చెప్పి ఊరుకుంటాను. 2018లో వచ్చిన "కేరాఫ్ కంచరపాలెం"లో ఎక్కువమంది విశాఖపట్నంలోని ఆ పేటవాళ్ళే, అంతకుముందు తెరమీద కనబడనివాళ్ళు. అమెరికాలో గుండెజబ్బుల డాక్టరుగా ఉన్న పరుచూరి ప్రవీణగారు డబ్బుపెట్టి తీయించారు. అందులో నలభైతొమ్మిదేళ్ళ అటెండరు, వాళ్ళ ఆఫీసుకి బదిలీమీద వచ్చిన నలభైరెండేళ్ళ ఆఫీసరమ్మా పెళ్ళి చేసుకోవాలనుకుంటారు. ఆవిడకి భర్త పోయాడు, ఎదిగిన కూతురుంది. ఈ వయసులో ఇదేమిటని అనిపించకుండా తీశారు చూడండి, అది గొప్ప. రెండోది 2024 సెప్టెంబరులో వచ్చిన "35 చిన్న కథ కాదు". తిరుపతిలో ఒక పిల్లాడికి లెక్కలు రావు. సున్నాకి విలువే లేనప్పుడు, ఒకటి పక్కన చేరితే తొమ్మిదికంటే పెద్దదెలా అవుతుందని వాడి సందేహం. చెప్పగలిగినవాళ్ళు లేరు, మందబుద్ధి అన్నారు. పాసుకి 35 మార్కులు కావాలి. పదోతరగతి తప్పిన వాళ్ళమ్మ సరస్వతి, మళ్ళీ లెక్కల పుస్తకం పట్టుకుంటుంది. నివేదా థామస్ వేసింది. మన పుస్తకాలు అటకమీద కట్టలుగట్టి ఉన్నాయి కదా, ఆ సినిమా చూసొచ్చాక మా పక్కింటావిడ తన కట్ట దింపింది. ఎంతదాకా వచ్చిందో నేను అడగలేదు.

చిన్న సినిమా అయితే చాలు బంగారం అని మాత్రం అనుకోకండి. డబ్బు లేక చిన్నవైనవీ ఉన్నాయి, బుర్ర లేక చిన్నవైనవీ ఉన్నాయి. చవకబారు దెయ్యాలూ, వెకిలిమాటలూ, పెద్ద సినిమాకి చిరిగిన నకళ్ళూ బోలెడు. అంచేత నేను మూడు సంగతులు చూస్తాను. కథ ఎవరిది, మంచి రచయిత కథో, నిజంగా జరిగినదో అయితే ముందు మార్కు. ఆడమనిషికి అందులో ఏడవడం, వడ్డించడం కాకుండా ఇంకేమైనా పని ఉందా. చూసొచ్చినవాళ్ళు "బాగుంది" అని ఊరుకుంటున్నారా, లేక ఏదో ఒక చోటు పట్టుకుని చెబుతున్నారా. చోటు చెబితే వెళతాను. చూడడం కుదరనివి ఇప్పుడు ఇంట్లోనే టీవీలోనూ, ఫోనులోనూ దొరుకుతున్నాయి, నిజమే. కానీ హాల్లో టిక్కెట్టు తెగితేనే ఆ నిర్మాత రెండో సినిమా తీస్తాడు. పైగా ఇంట్లో చూస్తే మధ్యలో పాలవాడు, కొరియరువాడు, "నా బనీను ఏదీ" అన్న కేక. రెండుగంటలు ఎవరూ మనని పిలవని చోటు ఊళ్ళో ఇంకెక్కడుంది చెప్పండి?

మా వీధిలో తొమ్మిదిమందిమి ఒక ఏర్పాటు చేసుకున్నాం. నెలకి ఒకసారి, విడుదలైన మర్నాడే, శనివారం మ్యాట్నీకి. పెద్ద సినిమాలు ఎలాగూ ఇంటిల్లిపాదితోనూ తప్పవు కనక ఇందులో వాటికి చోటు లేదు. ఆరోజు ఇంట్లో పొద్దుటి పప్పే రాత్రికీ. మొదట్లో మగవాళ్ళు సణిగారు, ఇప్పుడు మానేశారు. క్రితంసారి హాల్లో లెక్కపెడితే మొత్తం పంతొమ్మిదిమందిమి ఉన్నాం, అందులో మేమే తొమ్మిది. ఇంటికొచ్చి ఆ సాయంత్రమే తలా నలుగురికి ఫోన్లు చేశాం. ఆ సినిమా బుధవారందాకా ఉంది.